శిక్షయు శిక్షణమును

సంస్కృతమున శిక్ష యనగా నేర్పుట. వేదాంగములాఱింటిలో శిక్ష యొకటి. అక్షరమును ఎట్లు పలుకవలెనో తెలుపు శాస్త్రమది. తైత్తిరీయోపనిషత్తు మొదటి భాగమునకు శీక్షావల్లి యని పేరు. అందు గురుశిష్యులకిద్దఱికిని కలిసి కీర్తి కలుగవలెనను కోరిక కలదు. ఒకడు గెలిచి యొకడు ఓడవలెనను మాట లేదు. ఇట్టి పదము తెలుగులో నడుగు పెట్టగానే దండనగా మాఱినది. "వానికి శిక్ష పడినది" అన్నచో మనకు చెఱసాల జ్ఞప్తికి వచ్చును గాని పాఠశాల జ్ఞప్తికి రాదు.

ఈ మార్పు నిఘంటువులో మాత్రమే జరిగినది కాదు. మన పూర్వపు వీథిబడులలో కోదండము, గోడకుర్చీ, తొడపాశము అను దండనలు అక్షరములతో పాటుగా నడచినవి. దెబ్బలు తినిన బాలుడు పెద్దవాడై, "నేను తింటిని గనుకనే నాకు నాలుగక్షరములు వచ్చినవి" అని తన కుమారుని అదే బడికి పంపెడివాడు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది. చట్టము బెత్తమును తీసివేయగలిగెను. బెత్తముపై మనకు గల విశ్వాసమును తీసివేయుట దానికి సాధ్యము కాలేదు.

నేను పాఠములు చెప్పుకొనుచున్న పెద్దమందడిలో ఈ విశ్వాసము వేఱొక వేషమున కనబడుచున్నది. పాలమూరు సీమ వలసలకు పేరుపడినది. ఇచ్చటి తల్లిదండ్రులకు కుమారుడు ఏకరూపదుస్తులు ధరించి, నెలజీతము తెచ్చుట గొప్ప కోరిక. సముద్రము మాకు రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నను, నౌకాదళములో చేరుదుమను బాలురు ప్రతి తరగతిలోను ఇద్దఱు ముగ్గురుందురు. విమానము నడపెదమను వారు అంతకంటె నెక్కువ. సైన్యమనునది ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు. వనపర్తి సంస్థానాధీశులు ఆఫ్రికా సంతతివారైన సిద్దీలతో దళము నేర్పఱచి, దానిని నిజామునకు సమర్పించిరి. హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్సు పేట నాటి ఆఫ్రికా అశ్వదళము పేరనే నేటికిని పిలువబడుచున్నది.

కొన్నేండ్ల క్రిందట మా బడిలో చదివిన బాలుడొకడు, సైనికశిక్షణ నిత్తుమని ప్రకటించిన యొక వసతిపాఠశాలలో చేరెను. దాని పేరు చెప్పవలసిన పని లేదు. దసరా సెలవులకు వచ్చినవాడు తిరిగి పోనని మొండికెత్తెను. పైతరగతివారి బూట్లు తుడుచుట, వారి బట్టలుతుకుట, రాత్రి రెండు జాముల వేళ లేచి గోడకుర్చీ వేయుట, ఏడ్చినచో నడికట్టుతో దెబ్బలు తినుట, ఇవి వాని దినచర్య. తండ్రి వానిని వెంటబెట్టుకొని నా యొద్దకు వచ్చి, "సారూ, మీరన్న జెర చెప్పుండ్రి. దెబ్బలు తినకుంట సిపాయి ఎట్లయితడు? పెద్ద పోరగాండ్లు గూడ గిట్లనే తిన్నరంట గద?" అని యడిగెను. అతడు క్రూరుడు కాడు. రెండెకరముల చేను కుదువబెట్టి కుమారుని చేర్చినవాడు. ఆ ప్రశ్న యతనిది మాత్రమే కాదు, మనలో పెక్కుమందిది. దానికి సమాధానము చెప్పవలెనన్నచో నావికుల ఆచారములను, వైమానికుల శిక్షణమును కొంచెము పరిశీలింపవలెను.

ఓడ భూమధ్యరేఖను దాటునపుడు, మొదటిసారి దాటువారిని సముద్రదేవుని కొలువునకు ఈడ్చుకొనిపోయి పరిహాసము చేయుట పాశ్చాత్య నావికుల ప్రాచీనాచారము. ఒక ముసలి నావికుడు నెప్ట్యూనను దేవుని వేషము వేయును. 1832వ సంవత్సరము ఫిబ్రవరిలో బీగిలు అను ఓడపై ప్రయాణము చేయుచున్న చార్లెస్ డార్విన్ ఈ కొలువునకు పాత్రుడయ్యెను. కన్నులకు గంతలు కట్టి, మొగమునకు కీలును రంగును పూసి, గరుకైన యినుపబద్దతో గీకి, నీటిలో తలక్రిందులుగా ముంచిరని అతడు తన దినచర్యలో వ్రాసికొనెను. తక్కినవారికి ఇంతకంటె హెచ్చుగా జరిగినదట. అయితే అతడు వ్రాసిన మఱియొక మాట నాకు ముఖ్యముగా తోచుచున్నది. ఆనాడు ఓడలో తడియని వాడు లేడు. ఓడ నాయకుడు సైతము తడిసి ముద్దయ్యెను.

ఈ ఆచారమును నేను మెచ్చుకొనుట లేదు. కీలు పూసికొనుటలో నావికవిద్య యేమియు లేదు. ఐనను అది పట్టపగలు అందఱి యెదుట జరిగెను, ఒక్కనాటితో ముగిసెను, నాయకుని గూడ నీటనుంచెను. ఈ మూడు లక్షణములును లోపించినచో పరిహాసము పరాభవమగును.

అట్టి పరాభవమునకు మన దేశచరిత్రలోనే సాక్ష్యము కలదు. 1946వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలోని తల్వార్ అను నౌకాదళ సంకేతశిక్షణాలయములో మన నావికులు పని మానిరి. చెడిన భోజనము ఒక కారణము. ఆ శిక్షణాలయాధిపతియైన కింగు అను ఆంగ్లాధికారి వారిని తల్లిదండ్రుల నెత్తి నోటికి వచ్చినట్లు తిట్టుట మఱియొక కారణము. స్వాతంత్ర్యేచ్ఛ వీనికంటె పెద్దది. కొలది దినములలో 78 ఓడలు, ఇంచుమించు ఇరువదివేల నావికులు ఆ తిరుగుబాటులో కలిసిరి. యుద్ధములో తుపాకిగుండ్లకు జంకని వారా నావికులు. కష్టమును సహించిన వారు అవమానమును సహింపలేకపోయిరి. కష్టము వేఱు, అవమానము వేఱు అనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఇక విమానముల సంగతి. హైదరాబాదు పొలిమేరలలోని దుండిగల్‌లో 1969లో స్థాపింపబడిన వైమానికదళ అకాడమీ కలదు. వైమానికదళమువారే గాక, నౌకాదళము నుండియు తీరరక్షకదళము నుండియు వచ్చిన అధికారులును అచ్చట విమానము నడుపుట నేర్చుకొందురు. 2013 నుండి అచ్చట ప్రాథమికశిక్షణకు వాడుచున్న పిలాటస్ విమానములో రెండు ఆసనములు ఒకదాని వెనుక నొకటి యుండును. ముందు శిష్యుడు, వెనుక గురువు. ఇద్దఱి చేతిలోను విమానమును త్రిప్పు కాడ యుండును. శిష్యుని తప్పు చేయనిచ్చి, ఆ తప్పు ప్రాణాపాయము కాకముందే కాడను తాను అందుకొనుట గురువు పని. "ఇప్పుడు నేను నడపుచున్నాను" అని యొకరు, "మీరు నడపుచున్నారు" అని మఱియొకరు బిగ్గరగా చెప్పుకొనకుండ చేయి మార్చుకొనరాదని నియమము. గురువు ఎంత పెద్దవాడైనను శిష్యునితో మాట యిచ్చిపుచ్చుకొనవలసినదే.

ఆ వెనుక ఆసనమును గూర్చి మనము బాగుగా ఆలోచింపవలెను. శిష్యుడు తప్పు చేసినచో ఇద్దఱును పడుదురు. 2023 డిసెంబరు 4వ తేదీన మెదకు జిల్లా తూప్రాను సమీపమున అకాడమీ విమానమొకటి కూలినపుడు గురుశిష్యులిద్దఱును మరణించిరి. అంతకుముందు వాడిన దీపక్ విమానములలో నొకటి 2009లో కూలి ఇద్దఱు శిక్షకులు ప్రాణములు విడువగా, ఆ విమానములను నిలిపివేసిరి. నిదురలేమి, వ్యాయామము, మందలింపు, వారము వారము పరీక్షలు, తగడని తేలినచో ఇంటికి పంపుట, ఇవన్నియు అచ్చట కలవు. ఆ శిక్షణము మెత్తనిదని నేననను. కాని అచ్చట కఠినముగా మాటలాడువాడు తన ప్రాణమును శిష్యుని చేతిలో పెట్టి మాటలాడుచున్నాడు. రాత్రివేళ గోడకుర్చీ వేయించిన పైతరగతి బాలుడు ఏమి పెట్టెను? వాడు మంచముపై కూర్చుండి చూచుచుండెను.

విమానశిక్షణములోను ఆచారములు కలవు. శిష్యుడు మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగినప్పుడు తోడివారు నీళ్లు క్రుమ్మరించుట పెక్కు దేశములలో నున్నది. అమెరికా దేశములో అంగీ వెనుకకొంగును కత్తిరింతురు. పూర్వము యంత్రపు హోరులో మాట వినబడక, వెనుకనున్న గురువు శిష్యుని అంగీకొంగు లాగి హెచ్చరించెడివాడనియు, ఇక ఆ లాగవలసిన పని లేదనుటకు గుర్తుగా దానిని కత్తిరింతురనియు చెప్పుదురు. కథ యెంత నిజమైనను, దాని భావము చక్కనిది. గురువు తన పట్టును తానే విడుచుచున్నాడు.

అదే దేశములో, అదే ఱెక్కల బిళ్లతో, వేఱొక ఆచారమును నడచెను. గాలిగొడుగులతో దూకు మెరైను సైనికులు క్రొత్తవారి ఱొమ్మున ఱెక్కల బిళ్లను పెట్టి, దాని మొనలు మాంసములో దిగునట్లు పిడికిళ్లతో గ్రుద్దిన దృశ్యములు 1997లో దూరదర్శినులందు వెల్లడికాగా ఆ దేశమంతయు రోసినది. అవి అంతకు కొన్నేండ్ల ముందు, 1991, 1993 సంవత్సరములలో, చాటున తీసినవి. బిళ్ల ఒకటే. ఒకచోట అది విద్య ముగిసినదను గుర్తు. మఱియొకచోట నెత్తురు చూచుటకు సాకు.

దుండిగల్‌లో శిక్షణము ముగించిన వారు కవాతు నుండి మెల్లని అడుగులతో వెడలునపుడు, వారి వెనుకటి తరగతివారు వారికి మొదటి వందనము చేయుట ఆచారము. పెద్దవానికి చిన్నవాడు మ్రొక్కుటయే ఇదియును. కాని ఎవ్వరును ఎవ్వరిని వంచుట లేదు. అది తల్లిదండ్రుల కన్నుల యెదుట జరుగును. ఆచారము మంచిదో చెడ్డదో తెలిసికొనుటకు నా కిప్పుడు రెండు ప్రశ్నలు చాలునని తోచుచున్నది. దీనిని విధించువాడు దీనిలో పాలుగొనుచున్నాడా? ఇది ఆ బాలుని తల్లి యెదుట చేయదగినదా?

ఆ తండ్రికి నేను చెప్పినదియు ఇంతే. "దెబ్బతో సిపాయి కాడు. కష్టముతో అగును. కష్టము పెట్టినవాడు పక్కనుండి పెట్టెనా, మంచమెక్కి పెట్టెనా అడుగుము" అంటిని. అతడు చాలసేపు మాటలాడలేదు. పిదప కుమారుని వైపు తిరిగి, "ఎవలన్న పక్కకుండెనారా?" అని యడిగెను. బాలుడు తల యడ్డముగా నూపెను. ఆ యేడు వాడు మా బడిలోనే చదివెను. కట్టిన రుసుము తిరిగి రాలేదు. చేను విడిపించుకొనుటకు ఆ కుటుంబమునకు రెండేండ్లు పట్టెను. బాలుడిప్పుడు ఇంటరు చదువుచు రక్షణ అకాడమీ ప్రవేశపరీక్షకు సిద్ధమగుచున్నాడు.

చట్టము ఈ విషయమున మూగది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ శాసనసభ 1997లో ర్యాగింగు నిషేధచట్టము చేసెను. పరిహసించి సిగ్గుపఱచినందుకు ఆఱు నెలల చెఱ మొదలుకొని, విద్యార్థి మరణమునకు గాని ఆత్మహత్యకు గాని కారకులైనచో పదేండ్ల చెఱ వఱకు అందు విధింపబడినది. ఫిర్యాదు వచ్చియు చర్య తీసికొనని విద్యాలయాధిపతి ఆ నేరమునకు తోడ్పడినవానిగానే పరిగణింపబడును. సైన్యమునందును 1950 నాటి సైన్యచట్టపు 47వ సెక్షను క్రిందివానిని బాధించిన అధికారికి ఏడేండ్ల వఱకు చెఱ విధింపవచ్చునని చెప్పుచున్నది. దెబ్బలు సైనికధర్మమను వారు ఆ సైన్యపు చట్టమునే చదువలేదు. 1800-180-5522 అను ఉచిత దూరవాణి సంఖ్య కళాశాలల విద్యార్థులకు ఎల్లవేళల నందుబాటున నున్నది. ఇంటి గోడపై వ్రాసియుంచదగినది.

"ఇట్లు చేసిననే మగవాడగును" అను వాదమునకు కాలమే జవాబు చెప్పినది. 2016 జూన్ 18వ తేదీన దుండిగల్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అను మువ్వురు యువతులు యుద్ధవిమాన చోదకురాండ్రుగా నియమింపబడిరి. 2025 మే నెలలో ఖడక్‌వాస్లాలోని రక్షణ అకాడమీ నుండి 17 మంది యువతులు మొదటిసారిగా శిక్షణము ముగించుకొని వెడలిరి. విమానమునకు కావలసినది నిబ్బరము. అది మీసముతో వచ్చునది కాదు, దెబ్బతో వచ్చునదియు కాదు.

అయినను చట్టముల మీదనే భారము వేసి మనము తప్పించుకొనరాదు. పైతరగతి బాలుడు క్రింది బాలుని పీడించు విద్యను పాఠశాలలో మాత్రమే నేర్చుకొనలేదు. "అత్తకొక కాలము, కోడలికొక కాలము" అను సామెతను మన యిండ్లలో నవ్వుచు చెప్పుకొందుము. నేను నా యత్త చేత పడితిని గనుక నా కోడలు నా చేత పడవలెనను లెక్కయే దానియందున్నది. ఆ లెక్కలో బాకీ పెట్టినవారొకరు, తీర్చువారొకరు. పడినవారికి పరిహారము దక్కదు. పడనివారికి బాకీ సంక్రమించును. పొయ్యి దగ్గఱ ఈ లెక్క విని పెరిగిన బిడ్డ వసతిగృహములో దానినే అప్పగించును.

కావున మన బిడ్డను దూరపు బడికి పంపునపుడు వానికి రెండు మాటలు చెప్పి పంపుదము. కష్టమునకు వెనుకాడవలదు, అవమానమును దాచిపెట్టవలదు. రెండవ యేడు వాడు పైతరగతికి పోవునపుడు మూడవ మాటయు చెప్పవలెను. అది మొదటి రెండింటికంటె కష్టమైనది, తల్లిదండ్రులు తఱచుగా మఱచిపోవునది. నీవు పడినది నీతోనే ఆగిపోవలెను.