యూదా పెట్టిన పూచీ



పోయిన క్రిస్మస్‌కు మన సంఘపు అవ్వను కరీంనగర్ వృద్ధాశ్రమం నుంచి నాలుగు రోజుల కోసం ఊరికి తీసుకొచ్చాను. కొడుకు దుబాయిలో ఉన్నాడు. "అయ్యగారూ, పండుగకు మా అమ్మ ఇంట్ల ఉండాలె" అని ఫోన్లో బతిమాలాడు.

ఆశ్రమం మేడం రిజిస్టర్ ముందుపెట్టింది. ఎవరు తీసుకపోతున్నారు, ఏం వరస, ఏ ఊరు, ఫోన్ నంబరు, ఎప్పుడు తిరిగి తెస్తారు, అన్నీ రాయమంది. కొడుకుతో కూడా మాట్లాడింది. "పాస్టరును కదమ్మా, ఇన్ని రాతలెందుకు?" అన్నాను కొంచెం కోపంగానే. "రేపు ఏమన్నయితే ఎవరిని అడగాలె అయ్యగారూ?" అంది. గబగబా సంతకం పెట్టాను. గోళీల సంచి కోడలికి అప్పజెప్పాను. దాంతో ఇచ్చిన చీటీని బైబిల్లో పెట్టుకున్నాను. చదవలేదు.

రెండో రోజు ఉపవాస ప్రార్థన. అవ్వ పొద్దున షుగర్ గోళీ వేసుకుని, ఏమీ తినకుండానే మందిరానికి వచ్చింది. ఆదిలాబాద్ చలికి మేమంతా శాలువాలు కప్పుకుని ఉంటే, ఆమెకు చెమటలు పట్టాయి. చేతులు వణికాయి, మాట తడబడింది. గుండె గుభేలుమని బైబిలు తెరిచి చీటీ తీశాను. మొదటి వరుసలోనే ఉంది: టిఫిన్ తిన్నాకే గోళీ, చెమటలు పడితే చక్కెర నీళ్లు. వెంటనే తాగించాం. కాసేపటికి తేరుకుంది, అన్నం తిన్నది. తెలివి తప్పి ఉంటే నోట్లో ఏదీ పోయకూడదట, 108కి ఫోన్ చేయాలట. ఆ సంగతీ తరువాతే తెలుసుకున్నాను.

తిరిగి అప్పగించిన రోజు మేడం అడిగింది: "ఏమన్నా అయ్యిందా?" ఏమీ కాలేదు అనబోయాను. నాలుక రాలేదు. జరిగిందంతా, నా నిర్లక్ష్యంతో సహా, రిజిస్టర్‌లో రాయించాను. వెంటనే ఆమె నర్సును పిలిచి షుగర్ చూపించింది.

ఆదికాండము 43వ అధ్యాయం గుర్తుకొచ్చింది. యోసేపును పోగొట్టుకున్న యాకోబు బెన్యామీనును పంపడానికి ఒప్పుకోలేదు. యూదా పూచీ పడ్డాడు. తమ్ముణ్ణి తిరిగి తేకపోతే ఆ నింద ఎప్పటికీ తనదేనన్నాడు. 44వ అధ్యాయంలో ఆపద రాగానే తమ్ముడికి బదులు తానే దాసుడిగా ఉంటానన్నాడు. నేను పెట్టిన సంతకమూ అలాంటి పూచీయే. నేను దాన్ని తంతు అనుకున్నాను.

ప్రియులారా, సంక్రాంతికో పెళ్లికో మీ పెద్దలను ఆశ్రమం నుంచి తెచ్చుకోండి, అది వాళ్ల ఆశ. కానీ చీటీ అక్కడే నిలబడి చదవండి, గోళీలు లెక్కపెట్టుకోండి, అర్థం కానిది అడగండి. ఉపవాసం వాళ్లతో చేయించకండి. వృద్ధుల సాయానికి 14567 నంబరు దగ్గర ఉంచుకోండి.

మన చేతికి అప్పగించినవారిని క్షేమంగా తిరిగి అప్పగించే మనసు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.