అతుక్కుంది సరే, ఎవరది?

సర్వర్‌కి ఎవరో కనెక్టయ్యారు, పది నిమిషాలుండి పోయారు. లాగ్‌లో టైమ్ ఉంది, యూజర్ ఐడీ లేదు. అప్పుడు మన పరిస్థితేంటో మీకు చెప్పక్కర్లేదు కదా... ప్రోటీన్ల మీద పనిచేసేవాళ్ళదీ ఇదే బాధట. కాకతీయ యూనివర్సిటీలో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చదువుతున్న మా చెల్లి చెప్పింది. (ఇంట్లో ఇంజినీర్ని నేనే, పాఠాలు మాత్రం తనవి!)

గాజు చిప్‌కి సుమారు 50 నానోమీటర్ల బంగారు పూత వేసి, దానిమీద యాంటీబాడీని ఎరలా అతికిస్తారు. కిందినుంచి కాంతి వేస్తే ఒక కోణం దగ్గర తిరిగొచ్చే వెలుగు బాగా తగ్గిపోతుంది. పైన ప్రోటీన్ అతుక్కోగానే ఆ కోణం కాస్త జరుగుతుంది. ఎంత అతుక్కుంది, ఎంత వేగంగా, ఎప్పుడు ఊడింది... అంతా అప్పటికప్పుడు గ్రాఫ్‌లో కనిపిస్తుంది. పేరు సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్. అతుక్కున్నది ఎవరో మాత్రం చెప్పదు.

మాస్ స్పెక్ట్రోమీటర్ దీనికి తిరగేసి. బరువు చూసి ఎవరో చెప్తుంది, ఎలా అతుక్కుందో దానికి తెలీదు. ప్రోటీన్ ఎలాగూ చిప్ మీదే చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి, 1990ల్లో అమెరికాలో కొందరు ఆ చిప్‌నే తీసి, దానిమీదే లేజర్ కొట్టి బరువు చూశారు. ఇంత సింపుల్ ఐడియా!

ఉదాహరణకి మన ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ తీసుకోండి. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాల్లో ఆరోది ఒక్కటే మారుతుంది. వేరే చోట పట్టుకునే యాంటీబాడీకి రెండూ ఒకటే, గ్రాఫూ దాదాపు ఒకటే. బరువు చూస్తే ఒకటి 15,867 డాల్టన్లు, ఇంకోటి 15,837. సికిల్ సెల్‌కి ఇంత హంగామా అక్కర్లేదు, మామూలు పరీక్షలే చాలు. కానీ ఇలా ఒకేలా కనబడి మోసంచేసే ప్రోటీన్లు ఇంకెన్నో!

చెల్లి హైదరాబాదులో సీసీఎంబీలో పీహెచ్‌డీ చేస్తానంటోంది. బాపు మాత్రం "గీ చదువుకు నౌకరేడుంది? అమీర్‌పేటల కోర్సు చేయించు" అంటాడు. నేను తనాకా కథ చెప్పాను. జపాన్ ఆయన, చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, పీహెచ్‌డీ లేదు. షిమాజు కంపెనీలో ఉద్యోగం చేస్తూ లేజర్‌తో ప్రోటీన్లని తూచే దారి కనిపెట్టి, 2002లో నోబెల్ కొట్టాడు.

బాపు అంతా విని, "మరి ఆయన నౌకరి చేసుకుంటనే చేసిండు గదరా" అన్నాడు.

చెల్లి నెట్ పరీక్షకి అప్లై చేసింది. ఫీజు నేనే కట్టాను. బాపుకి ఇంకా చెప్పలేదు :)