నంబరు మారింది, ఆట మారిందా?

మా రూమ్మేటు ప్రతి ఏడూ కొత్త ఫుట్‌బాల్ గేము కొంటాడు. "ఇందులో కొత్తగా ఏముందిరా?" అని నేను ప్రతి ఏడూ అడుగుతాను. "టీములు మారాయి మామా, ఆ గడ్డి చూడు ఎంత బావుందో" అంటాడు వాడు. ఆలోచిస్తే మా ఇద్దరి సంభాషణలో కూడా ఏళ్ల తరబడి కొత్తదనం ఏమీ లేదు :)

ఈసారి మాత్రం వాడు ఒక్క ఎదురు ప్రశ్నతో నా నోరు మూయించాడు. అదేంటో చివర్లో చెప్తాను.

"వీటికి డబ్బులు దండగ" అనే నా వాదన హాస్టల్లో పుట్టింది. ఇంజనీరింగు నాలుగేళ్లూ మేం ఒకే ఫుట్‌బాల్ గేము ఆడాం. ఎవరో పుణ్యాత్ములు కొత్త సీజను ఆటగాళ్లతో ప్యాచ్ తయారుచేసి నెట్‌లో పెట్టేవాళ్లు. ఒకడు దాన్ని పెన్‌డ్రైవులో మోసుకొస్తే మా ఫ్లోరంతా కాపీ చేసుకునేది. మాకు కావల్సిన కొత్తదనం అంతే. అంతమాత్రానికి ఏటా కొత్త గేము ఎందుకు కొనాలన్నది నా ప్రశ్న.

ఇది ఉత్త నోటిదురుసు కాదు, ఉదాహరణలున్నాయి. ఫిఫా సిరీస్ 1993లో మొదలై, 2022లో ఫిఫా 23 దాకా ఆ పేరుతో వచ్చి, 2023లో ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ అయ్యింది. ఇందులో నింటెండో స్విచ్ వాళ్లకి దక్కినది చూడండి. 2019లో ఫిఫా 20 నుంచి 2022లో ఫిఫా 23 వరకు వరసగా నాలుగేళ్లు 'లెగసీ ఎడిషన్' అని విడుదల చేశారు. లోపల ఆట పాతదే, జట్లూ జెర్సీలూ కొత్తవి. మన భాషలో చెప్పాలంటే కాన్ఫిగ్ ఫైలు మార్చి మేజర్ వెర్షన్ నంబరు పెంచడం అన్నమాట.

అలాగని "మొత్తం పీకి మళ్లీ కట్టండి" అనడం కూడా అంత తేలిక కాదు. ఫిఫాకి పోటీగా ప్రో ఎవల్యూషన్ సాకర్ తీసే కొనామి ఆ పని చేసింది. 2020లో కొత్త ఆట తీయకుండా, ఉన్నదానికే 'సీజన్ అప్‌డేట్' అని ఉన్నమాట పేరుగా పెట్టి, మామూలు కంటే తక్కువ ధరకి అమ్మింది. ఈలోగా కొత్త ఇంజను మీద పని చేసింది. 2021 సెప్టెంబరు చివర ఆ కొత్తది ఈఫుట్‌బాల్ అని ఉచితంగా వచ్చింది. వచ్చీ రాగానే ఆటగాళ్ల మొహాలు చూసి జనం పడీ పడీ నవ్వారు, కొనామి క్షమాపణ చెప్పుకుంది. 1.0 వెర్షన్ అనేది 2022 ఏప్రిల్‌కి గానీ రాలేదు. రీరైట్ అనగానే మన సీనియర్లు ఎందుకు ఉలిక్కిపడతారో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

మరి రోగం ఎక్కడుంది? నాకు తోచింది ఏమిటంటే, ఎక్కువసార్లు రోగం క్యాలెండరులో ఉంటుంది. అసాసిన్స్ క్రీడ్‌లో 2009 నుంచి 2015 దాకా ఏటా ఒక పెద్ద ఆట వచ్చింది. 2014లో వచ్చిన యూనిటీలో కొన్నిచోట్ల మనుషుల మొహాలే మాయమై, కళ్లూ పళ్లూ మాత్రం గాల్లో వేలాడాయి! తర్వాత 2016లో ఒక ఏడాది ఆగి, 2017లో ఆరిజిన్స్ తీశారు. అంతకుముందు శత్రువు కత్తి ఎత్తేదాకా ఆగి, సరైన సమయానికి ఒక బటన్ నొక్కితే గుంపు మొత్తాన్నీ పడగొట్టేయొచ్చు. ఆరిజిన్స్‌లో ఆ అలవాటుతో వెళ్తే చావే. ఎంత దూరంలో ఉన్నాం, ఏ ఆయుధం పట్టుకున్నాం, డాలు ఎప్పుడు ఎత్తాలి అన్నీ చూసుకోవాలి.

అంటే పాతది వాడుకోకూడదా? వాడుకోవచ్చు, శుభ్రంగా. జెల్డా వాళ్లు 2000లో మేజొరాస్ మాస్క్‌ని అంతకు ముందరి ఆట ఇంజనూ, అందులోని బొమ్మలే చాలావరకు తీసుకుని చేశారు. కానీ మూడు రోజుల్లో ప్రపంచం అంతమైపోతుంది, మళ్లీ మొదటి రోజుకి వెనక్కి వెళ్లాలి అని ఒక్క నియమం పెట్టేసరికి అది వేరే ఆట అయిపోయింది. 2023లో వచ్చిన టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్ కూడా అంతే. 2017 ఆటలోని నేలే మళ్లీ వాడారు. దానిపైన ఆకాశంలో దీవులు, కింద పాతాళం చేర్చారు. అంతకంటే ముఖ్యం, మనం ఆరేళ్ల కిందట నేర్చుకున్న శక్తుల్ని పీకేసి, వస్తువుల్ని ఒకదానికొకటి అతికించే కొత్త శక్తి చేతికిచ్చారు. అదే కొండ, అదే వాగు. ఇదివరకు ఎక్కి వెళ్లేవాళ్లం, ఇప్పుడు చెక్కలూ చక్రాలూ అతికించి బండి కట్టుకుని వెళ్తాం. ఆ ఆటని చెప్పిన తేదీకి ఇవ్వలేక 2022 నుంచి 2023కి వాయిదా కూడా వేశారు.

అంచేత నా కొలబద్ద ఒక్కటే. కొత్త ఫీచర్లు ఎన్ని అని లెక్కపెట్టను. పాత ఆటలో నేర్చిన అలవాట్లతోనే కొత్త ఆట చివరిదాకా ఆడేయగలిగితే అది సీక్వెల్ కాదు, సర్వీస్ ప్యాక్. సర్వీస్ ప్యాక్ అమ్మడం తప్పు కాదు, కొనామి 2020లో చేసినట్టు ఆ పేరు పెట్టి, ఆ ధరకి అమ్మితే చాలు.

ఇదంతా ఆవేశంగా మా వాడికి ఉపన్యాసం ఇచ్చాను. వాడు కంట్రోలర్ పక్కన పెట్టి, "సరే మామా, పోయిన నెల మీ రిలీజులో కొత్తగా ఏముంది?" అన్నాడు.

మూడు నెలలకోసారి వచ్చే రిలీజు మాది. రిలీజ్ నోట్స్ రాసింది నేనే. "మెరుగుపరిచిన యూజర్ ఎక్స్‌పీరియన్స్" అని రాశాను. నిజానికి రెండు బటన్ల రంగు మారింది, ఒక రిపోర్టులో కాలమ్ జరిగింది. మా అప్లికేషన్ని రోజంతా వాడే ఒకావిడ ఎప్పుడో ఒక కాల్‌లో అడిగారు, "ఒకసారి కొట్టిన తేదీని ప్రతి స్క్రీన్‌లోనూ మళ్లీ ఎందుకు కొట్టాలండీ?" అని. దాని టికెట్ రెండేళ్లుగా బ్యాక్‌లాగ్‌లో పడుంది. బాగుచేయాలంటే కింద టేబుళ్లు మార్చాలి, ఐదు వారాల పని, మూడు నెలల ప్లానులో ఇమడదు. "తర్వాత చూద్దాం" అని దాన్ని పక్కన పెట్టింది ఏ మేనేజరో కాదు, నేనే. ఆవిడ ఈ పూట కూడా ఆ తేదీ కొడుతూనే ఉండి ఉంటారు.

మా వాడికి ఏం చెప్పాలో తెలీక రెండో కంట్రోలర్ అందుకున్నాను. హాస్టల్లో నేర్చుకున్న అలవాట్లతోనే మూడు గోల్స్ కొట్టాను. గేము గురించి నా అభిప్రాయం మారలేదు సుమా. కాకపోతే సోమవారం ప్లానింగ్ మీటింగుంది, ముందు ఆ టికెట్ పైకి లాగాలి. వచ్చే ఏడు "కొత్తగా ఏముందిరా?" అని వాణ్ణి అడగాలంటే నాకూ కాస్త మొహం చెల్లాలి కదా.