పాత ఇంజన్ కోసం ప్లాట్ నది దాకా

నెబ్రాస్కా వెళ్తున్నామంటే షికాగోలో తెలిసినవాళ్లంతా "అక్కడేముంది, మొక్కజొన్న తప్ప" అన్నారు. మార్చి నెలలో అదీ లేదు, కోసేసిన మోళ్లే. అయినా ఆ ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ రాష్ట్రంలోని ఒక రేకుల షెడ్డూ, అందులోని ముసలి మేస్త్రీ, పాతికేళ్లు దాటిన ఒక డీజిల్ ఇంజనూ.

వెళ్లింది మా బావమరిది పని మీద. ఉద్యోగం పోయాక సాఫ్ట్‌వేర్ వదిలేసి సెమీ ట్రక్కు ఎక్కాడు. సెమీ అంటే ముందు ఇంజన్ బండి వేరు, వెనక తగిలించే ట్రైలరు వేరు. సరుకుతో కలిపి మొత్తం 80,000 పౌన్లు, అంటే 36 టన్నుల పైచిలుకు. ఇన్నాళ్లూ జీతానికి నడిపాడు. ఇప్పుడు సొంత బండి కొంటానంటాడు, అదీ 2000కి ముందు తయారైన ఇంజన్ ఉన్నదే కావాలంటాడు.

దానికి అతని కారణాలు అతనికున్నాయి. అమెరికాలో లారీ ఇంజన్లకు పొగ నిబంధనలు బిగిసే కొద్దీ సామాను పెరుగుతూ వచ్చింది. 2002 చివర్లో పొగలో కొంత భాగాన్ని మళ్లీ లోపలికే పంపే ఈజీఆర్, 2007లో మసిని పట్టే డీపీఎఫ్, 2010లో యూరియా ద్రావణం చల్లే ఎస్సీఆర్ వచ్చాయి. వీటిలో ఒక్క సెన్సారు మొరాయించినా బండి తన వేగం తానే తగ్గించుకుని రోడ్డు పక్కన కూర్చుంటుంది. ఇంకో ఆకర్షణ ఏమిటంటే, 2017 డిసెంబరు 18 నుంచి డ్రైవరు పని గంటలను ఈఎల్డీ అనే యంత్రమే రాసుకోవాలన్నారు కానీ 2000కి ముందు ఇంజన్లకు మినహాయింపు ఇచ్చారు. రోజుకు 11 గంటలకు మించి నడపకూడదన్న రూలు మాత్రం అందరికీ ఒకటే, వీళ్లు కాగితం మీద రాసుకుంటారంతే. లారీ వెనక కారులో వెళ్లేవాణ్ణి కనక నాకా పొగ నిబంధనల మీద కోపమేమీ లేదు. ఆ మాటంటే "నువ్వు డీపీఎఫ్ బిల్లు కట్టలేదు బావా" అన్నాడు.

నన్నెందుకు తీసుకెళ్లాడంటే, మా నాన్నగారికి లారీలుండేవి. నా చిన్నతనం సగం విజయవాడ ఆటోనగర్‌లో, విప్పిన ఇంజన్ల పక్కన స్టూలు మీద గడిచింది.

షికాగో నుంచి ఇంటర్‌స్టేట్ 80 పట్టుకుని పడమరకు పోతే అయోవాలోకి అడుగుపెట్టిన కాసేపటికి వాల్కాట్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడుంది అయోవా 80. ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రక్ స్టాప్ మాదేనని బోర్డు పెట్టుకున్నారు, చూశాక నాకూ పేచీ లేకపోయింది. 1964లో మొదలైన చోటు. ఇప్పుడు లోపల మంగలి షాపు ఉంది, పళ్ల డాక్టరున్నాడు, సినిమా హాలుంది. ఒక హాలు నిండా అద్దంలా మెరిసే క్రోమ్ సామాను. పక్కనే పాత లారీల మ్యూజియం, టికెట్టు లేదు. ఈ స్టాప్‌ను పెంచి పెద్దచేసిన బిల్ మూన్ పాత లారీలను పిచ్చిగా సేకరించేవాడట, ఆ పిచ్చే మ్యూజియమైంది. కాఫీ మాత్రం వేడి నీళ్లకు కాస్త రంగు. అరచేయంత మందం పోర్క్ చాప్‌కు నేను దండం పెట్టి, బంగాళాదుంపలతో సరిపెట్టుకున్నాను.

మా పక్క బల్ల దగ్గర ఇద్దరు డ్రైవర్లు ఇంజన్ల గురించి ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల్లా వాదించుకుంటున్నారు. ఒకాయనది క్యాటర్‌పిల్లర్ పక్షం: 14.6 లీటర్ల 3406ఈ ముందు ఏదైనా దిగదుడుపేనట, కొండెక్కేటప్పుడు దాని లాగుడు వేరట. రెండో ఆయనది కమిన్స్ ఎన్14. "నీ క్యాట్‌కి పార్టులు కొనాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి" అన్నాడు. క్యాటర్‌పిల్లర్ కంపెనీ రోడ్డు లారీల ఇంజన్ల నుంచి 2010 నాటికే తప్పుకుంది. అయినా దాని భక్తులు తగ్గలేదు.

ఆ భక్తుల్లో మా బావమరిదీ ఒకడు. అందుకే డెమోయిన్ దగ్గర ఒక పాత బండ్ల యార్డుకు తీసుకెళ్లాడు. పొడుగు ముక్కు పీటర్‌బిల్ట్ 379, ఎర్ర రంగు, లోపల 3406ఈ. బావమరిది దాని చుట్టూ తిరుగుతుంటే నేను వెళ్లి ఇంజన్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. మేం వచ్చేముందే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లారిన ఇంజన్ తన గుట్టు దాచలేదు. తిప్పగానే ఎన్ని చుట్లకు అందుకుంటుంది, తెల్లపొగ ఎంతసేపు ఉంటుంది, నీలిపొగ వస్తుందా, అంతా మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే స్పేసర్ ప్లేటు దగ్గర, కొత్తగా పూసిన పసుపు రంగు కింద నుంచి ఆయిల్ చెమర్చి ఉంది. రిపేర్ల బిల్లులేవంటే "పాత ఓనరు దగ్గరున్నాయి" అన్నాడు సేల్స్ కుర్రాడు. సాయంత్రందాకా బావమరిది నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మిగతా అయోవా అంతా వర్షం.

నెబ్రాస్కాలోని కర్నీ చేరేసరికి సూర్యాస్తమయం. అక్కడ ప్లాట్ నది వెడల్పుగా, లోతు లేకుండా, ఇసుక తిన్నెల మధ్య పాయలుగా పారుతుంది. ఏటా ఈ కాలంలో ఉత్తరానికి పోయే శాండ్‌హిల్ కొంగలు లక్షల కొద్దీ ఇక్కడ దిగుతాయి. పగలు పొలాల్లో రాలిన మొక్కజొన్న గింజలు ఏరుకు తిని, రాత్రి నక్కల బెడద లేకుండా నదిలో నీళ్ల మధ్య నిలబడి నిద్రపోతాయి. వాటి గోలకు పక్కనున్న మనిషి మాట వినిపించలేదు. నేలపట్టులో పక్షుల్ని చూశాను గానీ ఇంత సంత ఎప్పుడూ చూడలేదు. బావమరిది మాత్రం కారులో కూర్చుని ఇంకో క్యాట్ ఇంజన్ ప్రకటన చదువుతున్నాడు.

పొద్దున షెడ్డుకు వెళ్లాం. మేస్త్రీకి డెబ్బై దాటి ఉంటాయి. బయట గడ్డ కట్టే చలి. తెల్ల ఫ్రైట్‌లైనర్ ఎఫ్ఎల్‌డీ 120, చూడ్డానికి ఏ అందమూ లేదు. లోపల 12.7 లీటర్ల డెట్రాయిట్ సిరీస్ 60. ముందు భాగాన వేలాడుతున్న, ఇంజన్‌ను వెచ్చగా ఉంచే హీటరు ప్లగ్గు తీగ చూపించి, "రాత్రి బ్లాక్ హీటర్ పెట్టలేదు, మీరొస్తున్నారని" అన్నాడాయన. ఆ ఒక్క మాటతో నాకాయన మీద గురి కుదిరింది.

తాళం తిప్పాడు. రెండు మూడు చుట్లకు అందుకుంది. తెల్లగా కాస్త పొగ, ఇంజన్ వేడెక్కే కొద్దీ అదీ పోయింది. ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని ఆ మూతి మీదే తలకిందులుగా పెట్టాడు. రింగులు అరిగి సిలిండర్లలోని గాలి కిందికి తన్నుతుంటే ఆ మూత ఎగిరి పడాలి. కొద్దిగా వణికింది, కదల్లేదు. తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఒక్కోచోట బ్లాకుకు ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఆటోనగర్‌లో మా మేస్త్రీ అచ్చం ఇలాగే వినేవాడు. నేనూ అడిగి తీసుకుని విన్నాను. ఆరు సిలిండర్లూ ఒకే తాళంలో కొడుతున్నాయి.

అప్పుడు చెప్పుల పెట్టె తెచ్చాడు. అందులో బండి చరిత్రంతా ఉంది. ఇంజన్‌ను బండిలోనే ఉంచి, హెడ్డూ సంపూ దించి లైనర్లు, పిస్టన్లు, బేరింగులు మార్చిన బిల్లు. ఆయిల్ మార్చినప్పుడల్లా ల్యాబ్‌కు పంపిన నమూనాల రిపోర్టులు. ఇనుము పెరిగితే లైనర్లో రింగులో అరుగుతున్నట్టు, సీసం, రాగి పెరిగితే బేరింగుల్ని అనుమానించాలి, సిలికాన్ కనిపిస్తే దుమ్ము దూరుతోంది, సోడియం ఉంటే కూలెంట్ కలుస్తోంది. ఇవన్నీ ఆయన వేలు పెట్టి చదివి వినిపించాడు. ల్యాప్‌టాప్ తగిలించి ఇంజన్ కంప్యూటరులో మొత్తం గంటలెన్నో, ఊరికే నిలబడి తిరిగిన గంటలెన్నో చూపించాడు. డాష్‌బోర్డులో మీటరు మార్చేయొచ్చు, ఈ లెక్క మార్చడం అంత తేలిక కాదన్నాడు.

"పాత ఇంజన్ అంటే కంప్యూటరు లేనిదనుకున్నానే" అన్నాను. నవ్వాడు. 1987లో సిరీస్ 60 వచ్చినప్పుడు పెద్ద లారీ ఇంజన్లలో పూర్తిగా ఎలక్ట్రానిక్ అదుపుతో పుట్టింది ఇదేనట. కంప్యూటరుతో నడిచే డీజిలా అని తానూ వెక్కిరించాడట. ఒకప్పుడు కొత్త గొడవ అన్నదే ఇవాళ పాత, నిక్కమైన సరుకైంది.

బావమరిది ఆశ చావక క్యాట్ సంగతి ఎత్తాడు. ఆయన తీసిపారేయలేదు. మూడూ మంచివే, మూడింట్లోనూ లైనర్లు మార్చుకోవచ్చు అన్నాడు. తన మనసు మాత్రం ఎన్14 మీదేనట. దానికి రెండేసి సిలిండర్లకు ఒకటి చొప్పున మూడు హెడ్లు, ఒకటి చెడితే అదొక్కటే దించుకోవచ్చు. "కానీ నీ బండి ఎక్కడ ఆగిపోతుందో ముందు ఊహించుకో. ఆదివారం రాత్రి, పేరు తెలియని ఊరు. సోమవారం పొద్దున ఆ ఊళ్లో దేని వాటర్ పంపు దొరుకుతుందో అదే నీ ఇంజన్." ఆయన చూసినంతలో సిరీస్ 60 సామాను దొరకని ఊరు తక్కువ, ధరా తక్కువ. ఇంజన్ల మీద నేను విన్న వాదనలన్నిటిలోకీ పనికొచ్చే మాట ఇదే. గట్టితనం ఇనుములోనే కాదు, చెప్పుల పెట్టెలోనూ, దారిలో ఉన్న పార్టుల షాపుల్లోనూ ఉంది.

మధ్యాహ్నం ఆయనే ఊళ్లో హోటల్‌కు తీసుకెళ్లాడు. అక్కడ చిల్లీతో పాటు దాల్చినచెక్క తీపి రోల్ తింటారు, బడి భోజనాల నాటి అలవాటట. చిల్లీలో గొడ్డుమాంసం కనక నేను రోల్‌తో ఆగాను. రెండు తిన్నాను.

బేరం అక్కడే తెగింది. తిరుగు దారిలో నేను కారు తోలడానికి ఒప్పుకోక లారీ ఎక్కి కూర్చున్నాను, కారు మేస్త్రీ మనవడు తెచ్చాడు. సీటు నడుముకు శత్రువే. ఎగ్జిట్ వాలులో బావమరిది ఒక స్విచ్ నొక్కగానే ఇంజన్ మిషన్‌గన్‌లా మోగింది. జేక్ బ్రేక్. సిలిండర్లో గాలి బాగా నొక్కుకున్న క్షణాన ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఆ గాలిని వదిలేస్తుంది, దాంతో ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. 1931లో కమిన్స్ కంపెనీ స్థాపకుడు క్లెస్సీ కమిన్స్ లారీలో అమెరికా ఈ తీరం నుంచి ఆ తీరానికి వెళ్తూ, కాలిఫోర్నియాలో కేజన్ కనుమ దిగేటప్పుడు బ్రేకులు అందక, అడ్డంగా పోతున్న రైలును గుద్దబోయి వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఆ భయం మర్చిపోక దశాబ్దాల తర్వాత కనిపెట్టిందే ఇది. డెట్రాయిట్ ఇంజన్‌ను ఆపుతున్నది కమిన్స్ బుర్రన్నమాట.

ఒమాహా దాటాక అతను చేరబోయే కంపెనీ డిస్పాచరు ఫోను చేశాడు, కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోకి మంచి కిరాయి ఉందని. మన బండి పోదన్నాడు బావమరిది. 2023 జనవరి నుంచి కాలిఫోర్నియా ఇలాంటి లారీలకు 2010 లేదా ఆ తర్వాతి ఇంజన్ ఉంటేనే తిరగనిస్తోంది. పాత ఇంజన్ అసలు ఖరీదు అదే, అన్ని రోడ్లూ మనవి కావు. ఫోను పెట్టేస్తాడనుకున్నాను. మేస్త్రీ దగ్గర ఒక్క డాలరూ తగ్గించమనని మనిషి, దాని బదులు చూపిన టెక్సాస్ లోడు రేటు కోసం మాత్రం డెమోయిన్ వచ్చేదాకా బేరమాడాడు.