పరిపూర్ణత

నేటి మానవునకు లోపమన్న నెంతయో భయము. పరీక్షయందు నూటికి తొంబదియెనిమిది వచ్చిన బాలుడు తక్కిన రెండింటికై కంట తడిపెట్టుకొనుచున్నాడు. ముఖముపైని మచ్చను ఛాయాచిత్రమున చేతిఫోను తుడిచివేయుచున్నది. పాటలో తప్పిన స్వరమును యంత్రము సరిచేయుచున్నది. లోపములన్నియు తుడిచిన పిమ్మట మిగులునదియే పరిపూర్ణత యని లోకము తలచుచున్నది. ఈ తలంపు సరియైనదా యని నేను పలుమారు విచారించితిని. ఈ విషయమున నాకు దారి చూపినది కూచిపూడి.

కృష్ణామండలమున, క్షేత్రయ్య పేరుతో ముడివడిన మొవ్వకు సమీపమున నున్న యీ చిన్న యూరు ఒక నాట్యమునకు తన పేరునే యిచ్చినది. భామాకలాపము సిద్ధేంద్రయోగి కృతి యని పెద్దలు చెప్పుదురు. అందు సత్యభామ సౌందర్యమున తనకు సాటి లేదని గర్వించును. తెరపై జడను వ్రేలవైచుట తన్ను మించినవారున్నచో ముందునకు రమ్మను సవాలు. కాని కథ యచ్చట నాగదు. కృష్ణుడు దూరమగును; విరహమున గర్వము కరగును; తుదకు మాధవిచేత లేఖ పంపును. తనయందు లోపము లేదని తలచినంతకాల మామె యొంటరిదియే. తనకు మరియొకరు కావలెనని యొప్పుకొన్న పిదపనే యామె ప్రేమ పూర్ణమైనది.

కథకంటెను ఆ యూరి యాచారము నాకు గొప్పదిగా తోచును. అచ్చటి నాట్యకుటుంబములందు జన్మించిన ప్రతి పురుషుడును జీవితమున నొక్కమారైనను సత్యభామ వేషము కట్టవలెనని సంప్రదాయము. స్త్రీవేషమున లోకమును మెప్పించి, 1970లో పద్మశ్రీ బిరుదము నందిన వేదాంతం సత్యనారాయణశర్మగారి వంటివారు తరమున కొక్కరు. అయినను ఆచారము ఉత్తమునికొరకు మాత్రమే యేర్పడలేదు. కంఠము బాగులేనివాడును, అడుగు బరువైనవాడును గజ్జె కట్టవలసినదే. కట్టినవానికే కష్టము తెలియును. కష్టము తెలిసినవారి నడుమనే మహానటులు పెరుగుదురు.

ఆ యాచారము పురుషులకే పరిమితమగుట యొక కొరత. ఇరువదవ శతాబ్దమున వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకును ఈ విద్య నేర్పిరి. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్టు అకాడమీని నెలకొల్పి, అనేక బాలికలను నర్తకీమణులుగా తీర్చిరి. 2010లో హైదరాబాదునందు 2,800 మందికి పైగా ఒక్కుమ్మడి నర్తించిరి. తన కొరతను దాచుకొనక తీర్చుకొన్నందుననే ఆ కళ పూర్ణతరమైనది.

ఇత్తడి పళ్లెపు టంచుపై నిలిచి తరంగ మాడు నర్తకిని చూడుడు. చూపరులకు ఆమె తూకము తప్పనిదిగా కనబడును. నిజమునకు ఆ పాదము క్షణక్షణమును తన్ను తాను దిద్దుకొనుచునే యుండును. ఆ దిద్దుబాటు నిలిచిన మరుక్షణమే పళ్లెము జారును.

కొండమీది ప్రసంగమున క్రీస్తు పరిపూర్ణులు కండని బోధించెను. గ్రీకు మూలమున నచ్చట నున్న పదమునకు పూర్తియైనది, పక్వమైనది యను నర్థము గలదు. ఆ బోధకు ముందున్న మాటలు శత్రువును సహితము ప్రేమింపుమనునవి. కావున నది మచ్చలేని ముఖమును గూర్చినది కాదు, విశాలమైన హృదయమును గూర్చినది.

పాఠశాలలలో వార్షికోత్సవమునకు చక్కగా పాడువారినే యెంచి, తక్కినవారిని ప్రేక్షకులుగా కూర్చుండబెట్టుట నేను చూచుచున్నాను. అట్లు కూర్చున్నవారిలో పలువురు తమకేమియు రాదని నమ్మి మరల లేవనే లేవరు. ఆ నష్టము ఏ మార్కుల పట్టికయందును కనబడదు. బడి విడుచులోపల ప్రతి బాలుడును, ప్రతి బాలికయు నొక్కమారైనను రంగస్థల మెక్కవలెనని నియమ మేర్పరచినచో మేలగునని నా యభిప్రాయము. పాట తప్పిన తప్పనిండు. పాడినవారికి పాటయందు ప్రీతి నిలుచును. సోదర విద్యార్థులారా, మిమ్ము పిలుచువరకు వేచియుండకుడు. గజ్జె కట్టుడు.