రెక్కలు కొన్నాను

ఆర్వీ-7 కిట్ ఆర్డర్ చేసేటప్పుడు ఒకటి తేల్చుకోవాలి: రెక్కలు మామూలు కిట్టా, క్విక్ బిల్డా? మామూలుదైతే అల్యూమినియం రేకులు, డబ్బాలకొద్దీ రివెట్లు వస్తాయి, కూర్చుని ఒక్కొక్కటీ కొట్టుకోవాలి. క్విక్ బిల్డ్ అయితే రెక్కలు చాలావరకు బిగించి, లోపలి పెట్రోలు ట్యాంకులు సీల్ చేసి మరీ పంపిస్తారు. ధర బాగా ఎక్కువ, కానీ వందల గంటలు మిగులుతాయి. ఒహాయోలో మా గరాజ్‌లో తోక భాగం అప్పటికే పూర్తయింది. రెక్కల దగ్గరకొచ్చి మూడు వారాలు ఆగిపోయాను.

డబ్బు సంగతి సరే. పరువు సంగతే ఎవరూ పైకి అనరు. కొనుక్కొచ్చి అతికించి "నేను కట్టాను" అనొచ్చా? చట్టానికి ఆ బాధ లేదు. విమానంలో ఎక్కువ భాగం, అందరూ వాడే మాటలో 51 శాతం, కట్టుకునేవాళ్లే నేర్చుకోవడానికో సరదాకో చేసి ఉండాలంటుంది అమెరికా ఎఫ్.ఏ.ఏ. క్విక్ బిల్డ్ తీసుకున్నా ఆ లెక్క తప్పదు. రైట్ సోదరులు కూడా 1903లో రెక్కల గుడ్డ కొట్లో కొన్నదే. ఇంజన్ మాత్రం తగినది ఎవరూ ఇవ్వకపోతే, వాళ్ల సైకిల్ షాపు మెకానిక్ చార్లీ టేలర్ చేసిపెట్టాడు.

నా లెక్క మార్చింది జాన్ డెన్వర్ విమానం. ఆ గాయకుడు 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలో మాంటెరీ బేలో కూలి చనిపోయాడు. నడిపింది లాంగ్-ఈజెడ్. ఇంకొకరు ఇంట్లో కట్టింది, ఆయన కొనుక్కున్నది. ఒక ట్యాంకు నుంచి ఇంకో దానికి మార్చే పిడిని, కట్టినాయన డిజైన్‌లో చూపిన చోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. పెట్రోలు గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకూడదని. కారణం మంచిదే. కానీ అది అందుకోవాలంటే గాల్లో వెనక్కి తిరగాలి. అలా తిరగబోతూ కుడి పెడల్ తొక్కడంతో అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది.

మా విమానంలో పక్క సీటు మా పాపది. మామూలు విమానాల భద్రతా నియమాలకు ఇది లోబడదని ఆ సీటుకి ఎదురుగా చట్టప్రకారం రాసి పెట్టాలి. ఆ అక్షరాలు చదువుకుంటూ కూర్చుంటుంది పిల్ల.

వేమూరులో మా తాత ఎడ్లబండికి చక్రాలు వడ్రంగి చేశాడు, ఇనప పట్టా కమ్మరి ఎక్కించాడు. తాత ఒక్క ఆకు కూడా చెక్కలేదు. ఇరుసుకి కందెన మాత్రం పాలేరుకి కూడా అప్పజెప్పేవాడు కాదు. ఆముదంలో గడ్డి మసి కలిపి తనే పూసేవాడు. తెనాలి మిల్లుకి ధాన్యం తోలి, చీకట్లో ఒంటరిగా తిరిగి రావాల్సింది తనే మరి.

క్విక్ బిల్డ్ రెక్కలే తీసుకున్నాను. తోకలో అన్ని రివెట్లు కొట్టాక ఇంకో కొన్ని వేలు నాకు కొత్తగా నేర్పేదేం లేదు. ట్యాంకులకి గాలి నింపి, మూతికి బుడగ కట్టి, అతుకులకి సబ్బు నీళ్లు పూసి లీకు లేదని చూసుకున్నాను. పెట్రోలు గొట్టాలు, ఆ పిడి, కంట్రోలు కడ్డీలు, వైరింగు మాత్రం నా చేత్తోనే. కళ్లు మూసుకుని చెయ్యి చాపితే పిడి అందాలి. సీట్లో కూర్చుని ఇప్పటికే చాలాసార్లు చాపి చూశాను.

మొన్న అమ్మకి వీడియో కాల్‌లో రెక్క చూపించా.

"ఇది నువ్వు చేసిందేనా?"

"కాదమ్మా, కొన్నది."

"హమ్మయ్య" అంది.