ఇంటర్న్‌షిప్‌కి వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

మన హాస్టల్ జూనియర్లు చాలామంది ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌కి వెళ్లబోతున్నారు. "అన్నా, రోజూ వెళ్లాలా? సర్టిఫికెట్ ఎక్కడైనా దొరుకుద్దా?" అని అడుగుతున్నారు. నాకు జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ వాళ్లకు మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక 2 నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక 2 నెలలు షార్ట్ టర్మ్, ఆఖరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం పనిలోనే. నేను బీకాం. ఆరో సెమిస్టర్‌కి అనకాపల్లిలో ఒక అకౌంట్స్ ఆఫీసు దొరికింది. ఇంట్లో చెప్తే అయ్య అడిగిన మొదటి మాట, "జీతమెంతరా?" లేదన్నాను. "జీతం లేకుండా పనేటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పాడేరు ఘాటీ దిగి వచ్చి, ఒక సీనియర్ అన్న గదిలో ఉన్నాను. హాస్టల్ మెస్ ఉండదు కాబట్టి తిండి ఖర్చు మనదే.

మొదటిరోజు సార్ "ట్యాలీ వచ్చా?" అని అడిగారు. కాలేజీలో సిస్టమ్ ముందు కూర్చున్నది నాలుగైదు సార్లు. అయినా "వచ్చు సార్" అన్నాను. రాదంటే కొండ మీద నుంచి వచ్చాడు, వీడికేం తెలుసు అనుకుంటారని భయం. 30 పర్చేజ్ బిల్లులు ఇచ్చారు. అన్నీ సేల్స్‌లో ఎక్కించాను. సార్ తిట్టలేదు. మర్నాటి నుంచి పని ఇవ్వడం మానేశారు, అంతే. ఫైళ్లు సర్దడం, జిరాక్స్, టీ తేవడం. మూడు వారాలు అలాగే గడిచాయి. లాగ్‌బుక్‌లో మాత్రం రోజూ "ట్యాలీ ప్రాక్టీస్" అని రాసేవాడిని.

అప్పుడే క్లాస్‌మేట్ ఒకడు ఫోన్ చేశాడు. వాడు డబ్బు కట్టి సర్టిఫికెట్ తీసుకుని ఇంట్లో కూర్చున్నాడు. "నీకూ ఇప్పిస్తాన్రా, టీలు మోయడం ఎందుకు?" అన్నాడు. నిజం చెప్తున్నాను, నేను దాదాపు ఒప్పుకున్నాను.

ఆ ఆదివారం ఇంటికి వెళ్లాను. చింతపండు సీజను. జీసీసీ కొంటుంది కానీ, అయ్య వైద్యానికి ఒక షావుకారు దగ్గర 2,000 అడ్వాన్సు తీసుకున్నాం కాబట్టి సరుకు ఆయనకే వెయ్యాలి. అమ్మ సంతలో ఇచ్చిన చీటీ తెచ్చింది. బరువు, తరుగు, రేటు, కింద "పాత బాకీ 600" అని కోత. "నువ్వు లెక్కలాఫీసులో సేస్తన్నావు కదా, ఇదేటో సూడు. పాత బాకీ తీరిందా, ఇంకా ఉందా?" అంది.

చీటీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కూడికలు, తీసివేతలు నాకు రాక కాదు. ఒక మనిషి ఖాతా ఎక్కడ మొదలుపెట్టి ఎలా చూడాలో తెలియలేదు. పాత చీటీలు వెతకాలని కూడా తట్టలేదు. "తర్వాత సూస్తానమ్మా" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు, చీటీ మడిచి డబ్బాలో పెట్టేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సోమవారం ఆఫీసులో సీనియర్ అకౌంటెంట్ అక్క దగ్గరకు వెళ్లి, "అక్కా, నాకు ట్యాలీ రాదు. మొదటిరోజు అబద్ధం చెప్పాను" అన్నాను. "ఆ రోజే చెప్పి ఉంటే ఈపాటికి వచ్చేసేది కదా" అంది. ముందు కాగితం మీద లెడ్జర్ గీయించింది. ఎవరికి ఎంత ఇచ్చాం, ఎవరి నుంచి ఎంత వచ్చింది, ఏ తేదీకి ఎంత మిగిలింది. తర్వాత రోజుకు 10 బిల్లులు సిస్టమ్‌లో ఎక్కిస్తే సాయంత్రం చూసి తప్పులకు టిక్ పెట్టేది. నెలన్నర తిరిగేసరికి బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో పుస్తకం సరిపోల్చడం నేనే చేశాను.

తర్వాత ఇంటికి వెళ్లినప్పుడు డబ్బా దించి చీటీలన్నీ తేదీల వరుసలో పెట్టి, అమ్మ పేరు మీద నోట్‌బుక్‌లో ఖాతా రాశాను. మొదటి చీటీలో 800 కోశారు. తర్వాత 600, మళ్లీ 600. అక్కడికే 2,000 తీరిపోయింది. అమ్మ నాకు చూపించింది నాలుగో చీటీ. ఆ 600 ఎక్కువ కోశారు. అయ్య నోట్‌బుక్, చీటీలు పట్టుకెళ్లి అడిగితే షావుకారు మళ్లీ లెక్క చూసి వచ్చే సంతలో సర్దాడు. అయ్య మళ్లీ జీతం సంగతి ఎత్తలేదు.

నేను ఆ సర్టిఫికెట్ కొనుక్కుని ఉంటే కాగితం నా దగ్గరా ఉండేది. ఆ 600 మాత్రం వెనక్కి వచ్చేది కాదు.

అందుకే మీకు చెప్పేది:

1. రానిది రాదని మొదటిరోజే చెప్పండి. మన ఇంట్లో ముందు చదివినవాళ్లు లేరు, అడగకపోతే మనకు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

2. లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయండి. ఏం చేశాను, ఎక్కడ తప్పాను, రేపు ఏం అడగాలి. ఈ మూడు చాలు. నా మొదటి మూడు వారాల పేజీలు ఇప్పుడు చూస్తే సిగ్గేస్తుంది.

3. టైముకి వెళ్లండి. బస్సు తప్పితే ఫోన్ చేసి చెప్పండి. మన తర్వాత వచ్చే మన పిల్లల్ని తీసుకోవాలా వద్దా అన్నది మనల్ని చూసే అనుకుంటారు.

4. ఆఫీసులో చూసిన వేరేవాళ్ల లెక్కలు బయట చెప్పొద్దు, ఫోటోలు తీయొద్దు. నేర్చుకున్న పని మాత్రం మనదే, ఇంటికి తెచ్చుకోవచ్చు.

5. బాధ్యత అంటే అన్నీ భరించడం కాదు. అడిగినా పని నేర్పకుండా టీలే తెప్పిస్తుంటే, తప్పుగా మాట్లాడితే, కాలేజీలో మీ మెంటర్ లెక్చరర్‌కి వెంటనే చెప్పండి. చెల్లెళ్లూ, బస ఎక్కడో ముందే చూసుకుని వెళ్లండి. ఒక్కరే వెళ్లాల్సి వస్తే సీనియర్ అక్కలకు చెప్పండి.

ఖర్చులకు ఇబ్బంది ఉన్నవాళ్లు నాతో మాట్లాడండి. డబ్బు ఇవ్వలేను కానీ ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసుకునేలా చూద్దాం. ట్యాలీ మొదటి పాఠాలు కావాలంటే ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ స్టడీ హాల్లో కూర్చుందాం. మీ ఇంట్లో చీటీలు ఉంటే అవీ తెచ్చుకోండి.